ఉబాల్దో పీపా

ఆగస్టు 19

జ్వరం తగ్గింది. పన్నెండు రోజులు మంచం మీదే గడిచాయి. ఇవాళ లేచి పందిరి కిందకు వెళ్ళాను. మైలతుత్తం కొట్టి రెండు వారాలు దాటిపోయింది, మధ్యలో ఐదు వానలు పడ్డాయి. అల్బరీన్యో ద్రాక్ష ఆకుల మీద అక్కడక్కడా తెగులుకు వచ్చే నూనె మచ్చలు కనిపిస్తున్నాయి. దొసిందా ఒక్కతే ఎంతని చూసుకుంటుంది? సముద్రానికి పాటు వచ్చినప్పుడల్లా తట్టా పారా పట్టుకుని బురదలోకి దిగి గుల్లలు ఏరాలి, ఇంటికొచ్చి నాకు ఆకుకూర సూపు కాయాలి. మొగుడు మంచం పడితే ఇంట్లో ఇద్దరు మంచం పట్టినట్టే.

మందు కొట్టిన తేదీలు రాసుకునే పుస్తకమిది. వెనక సగం ఖాళీగా ఉంది. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా రాయలేదు, ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

జలుబు వదల్లేదు. కాఫీ వేడినీళ్ళలా ఉంది.

ఆగస్టు 22

జలుబు.

ఆగస్టు 27

మందు కొట్టాను. ఏడు వరసలయ్యాయి, నాలుగు మిగిలాయి. మెడ ఎత్తి పందిరికేసి చూస్తూ కొట్టడం అరవై నాలుగేళ్ళ మెడకు ఇక పడదు.

పాలు మాడిపోయాయి. నేను పొయ్యి పక్కనే కూర్చుని కత్తెర నూరుకుంటున్నాను. దొసిందా పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె దించింది. గిన్నెను చూసింది, నన్ను చూసింది. పరధ్యానంలో ఉన్నానని చెప్పాను. నిజంగానే పరధ్యానంలో ఉన్నాను.

ఆగస్టు 31

ముక్కు దిబ్బడ పూర్తిగా పోయింది. గాలి చక్కగా ఆడుతోంది. జలుబు చివరికొచ్చినప్పుడు అలాగే ఉంటుంది.

సెప్టెంబరు 3

సహకార సంఘం నుంచి ఇరియా వచ్చింది. చదువుకున్న పిల్ల, మంచి పిల్లే. ఇంటి వెనక నాలుగు వరసల కయీన్యో, ఆ ఎర్ర ద్రాక్ష, నరికేసి ఆ మొదళ్ళ మీద అల్బరీన్యో అంటు కట్టమంటుంది. ఎర్ర వైన్ ఎవరు తాగుతున్నారు బాబాయ్ అంటుంది. ఆమె మాట తప్పు కాదు. అల్బరీన్యో తోలు మందం, ఈ సముద్రపు వానల్ని తట్టుకుంటుంది. ఎన్ని తట్టలు తెచ్చినా సంఘం తీసుకుంటుంది, తెల్ల వైన్ చేసి నేనెప్పుడూ చూడని ఊళ్ళకు పంపుతుంది. కయీన్యో సంగతి వేరు. దానికి మా ఎండ చాలదు. అందరి కోతలూ అయ్యాక పండుతుంది, ఎంత పండినా పులుపే. పలచగా ఉంటుంది, అయినా పింగాణీ గిన్నె అంచుకు ఊదా మరక మాత్రం వదలకుండా పెడుతుంది. మా సందు వాళ్ళు తప్ప ఎవరూ తాగరు.

కానీ ఆ నాలుగు వరసలు నాన్న పెట్టినవి. ఏటా మేము గేటుకు లారెల్ కొమ్మ కట్టేది ఆ వైన్‌తోనే. కొమ్మ కట్టి ఉన్నన్నాళ్ళూ ఎవరైనా లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుని తాగొచ్చు, పీపా అయిపోతే కొమ్మ దించేస్తాం.

వచ్చే ఏడు చూద్దాం అన్నాను. ఆమె ప్రతి ఏడూ అడుగుతుంది, నేను ప్రతి ఏడూ అదే చెప్తాను.

సెప్టెంబరు 8

ఎల్లుండి పీపాల రోజు.

దొసిందా బీచికి వెళ్ళాక వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. తర్వాత వెల్లుల్లి. తర్వాత లాంతరులో పోసే కిరసనాయిలు. తర్వాత ఉల్లిపాయ కోశాను. ఉల్లిపాయకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అంటే కొంచెం కొంచెం తెలుస్తున్నట్టే.

సెప్టెంబరు 10

అయిపోయింది. అందరివీ చూశాను.

మా సందులో ఏడిళ్ళు. కోతకు ముందు ప్రతి ఇంటివాళ్ళూ ఖాళీ పీపాను కడిగి ఎండబెట్టి గేటు ముందుకు దొర్లించి, అడుగున ఉండే చిన్న తలుపు ఊడదీసి ఉంచుతారు. నేను వెళ్ళి లోపల తలపెట్టి వాసన చూసి ఒక్క మాట చెప్పాలి. నింపు, లేదా వద్దు. నాన్న నలభై ఏళ్ళు చెప్పాడు, నేను ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నాను. వద్దంటే ఆ పీపా ముక్కలై పొయ్యిలోకి పోతుంది. ఎందుకని ఎవరూ ఎదురడగరు. నాన్న ఇచ్చినవాటిలో నాకు మిగిలింది ఆ నాలుగు వరసలూ, ఈ ముక్కూ.

ఇవాళ తల లోపలపెట్టి కళ్ళతో చూశాను. వేలితో చెక్క తడిమాను. ఊపిరి గట్టిగా పీల్చాను, బయట వాళ్ళకు వినిపించాలని. ఐదిళ్ళకు నింపమన్నాను. పాతవే, పోయినేడు శుభ్రంగా ఉన్నవే.

ఆరోది ఉబాల్దోది. ఇద్దరం ఒకే బడిలో చదివాం, ఒకే పడవ దొంగిలించి దెబ్బలు తిన్నాం. పధ్నాలుగేళ్ళ కిందట వాడు పందిరి రాతి స్తంభం నా వైపు జానెడు జరిపి పాతాడని గొడవైంది. అప్పటినుంచి మాట్లాడుకుంటాం కానీ పెద్దగా ఉండదు. ఈసారి వాడు పాకకు కొత్త కప్పు వేయించి, బల్లలు చేయించి, తండ్రి పోయాక మొదటిసారి తన గేటుకూ కొమ్మ కట్టాలని ఉన్నాడు. వాడి చెస్ట్‌నట్ చెక్క పీపా రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. లోపల అడుగున అరచేయంత నల్ల మచ్చ ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను.

"ఏరా, లోపల నిద్రపోయావా?" అన్నాడు వాడు బయటినుంచి. అందరూ నవ్వారు.

వద్దంటే ఆ రాయి పగతో అన్నానంటారు. తల బయటికి తీసి నింపు అన్నాను.

చెస్ట్‌నట్ చెక్కకు అలాంటి మచ్చలు మామూలే. ఆ పీపా బాగానే ఉంది.

ఆఖరున మాది. దొసిందా తనే ఇంకోసారి కడుగుతానని మొండికేసింది. వద్దన్నా వినకుండా తల లోపలపెట్టి చాలాసేపు తోమింది. ఆడవాళ్ళు పీపాలో తలపెట్టడం మా సందులో ఎప్పుడూ లేదు, నేను అటూ ఇటూ చూశాను.

సెప్టెంబరు 11

ఆ పీపా బాగానే ఉంది.

సెప్టెంబరు 26

అల్బరీన్యో కోత మూడు రోజులు. రెండు రోజులు వాన. తట్టలు సంఘానికి చేర్చాం. ఇరియా ఒక ద్రాక్ష పండు నోట్లో వేసుకుని, బాబాయ్ ఈ ఏడు మీ పందిరిది ఎంత బాగుందో అంది. నేనూ ఒకటి వేసుకున్నాను. తియ్యగా ఉంది, పుల్లగా ఉంది. అంతే ఉంది. తల ఊపాను.

అక్టోబరు 9

కయీన్యో కోసి తొక్కాం. తొట్టెలో పులుస్తోంది. దాని పక్కన పీట వేసుకుని చెవి పెట్టి వింటున్నాను. ఈ ఏడు నాకు దాని చప్పుడొక్కటే అందుతోంది. అరికాళ్ళు ఊదా రంగులో ఉన్నాయి, నవంబరు దాకా ఆ రంగు పోదు.

ఏ ద్రాక్ష వైన్‌ది ఏ వాసనో మరచిపోకముందే రాసుకోవాలనిపించింది. మంచి అల్బరీన్యో మొదట పీచ్ పండు, తర్వాత పాటుకు బయటపడ్డ రాళ్ళు, చివర నాలుక మీద ఉప్పు. లోరేరో అయితే ఆకు నలిపినట్టు, సరిగ్గా గేటుకు కట్టే కొమ్మ ఆకే. త్రేషదూరా పండిన ఆపిల్, ఏ మాత్రం ఎక్కువైనా మెత్తబడి పాడైన ఆపిల్. ఎస్పదేరో దాదాపు ఏమీ ఉండదు, స్ట్రాబెర్రీ పొద పక్కనుంచి నడిచినంత.

కయీన్యో గురించి రాయబోయి ఆగిపోయాను. పుట్టినప్పటినుంచీ తాగుతున్నది. ఏ వాసనో గుర్తు రావడం లేదు. గంటసేపు కూర్చున్నాను, రాలేదు.

అక్టోబరు 21

పోంతెవెద్రా పట్నంలో డాక్టరు దగ్గరకు వెళ్ళాను. నాకు పన్ను నొప్పని దొసిందాతో చెప్పాను. డాక్టరు చిన్నవాడు. సీసాలు ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టి ఇదేమిటని అడిగాడు. నేను అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీరు ఊహించి చెప్తున్నారండీ," అన్నాడు. "నా దగ్గర దాచడమెందుకు?"

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. పన్ను ఎలా ఉందని దొసిందా అడిగింది. తగ్గిందన్నాను.

నవంబరు 11

సెయింట్ మార్టిన్ రోజు, కొత్త వైన్ రుచి చూసే పండగ. పొద్దున్నే అందరూ ఉబాల్దో కొత్త పాకలో చేరారు. చెస్ట్‌నట్లు కాల్చారు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పీపా తెరిచి మొదటి గిన్నె సందులో పెద్దావిడ బాల్బీనమ్మకు ఇచ్చాడు. ఆమె గిన్నె ముక్కు దాకా తెచ్చి ఆపేసింది. ఆపేసి పక్కనున్నవాళ్ళకు ఇచ్చింది. వాళ్ళు వాసన చూసి పక్కవాళ్ళకు. అలా గిన్నె దాదాపు నిండుగానే బల్ల చుట్టూ తిరిగి ఉబాల్దో దగ్గరకే వచ్చింది.

బూజు వాసనట. తడి గోనెసంచి వాసనట. నా చేతిలోకి వచ్చినప్పుడు నాకేమీ తెలియలేదు, కయీన్యో పులుపు తప్ప. నేను ఒక్కణ్ణే ఒక గుక్క తాగాను.

అందరూ నన్ను చూశారు. ఉబాల్దో బిరడా లాగేశాడు. నాలుగు వందల లీటర్లు పాకలోంచి గుమ్మం దాటి సందులోకి పారింది. మా గేటు దాకా వచ్చింది.

"ఆ రాయిని మర్చిపోలేదన్నమాట," అన్నాడు. గొంతు పెంచలేదు. "నన్ను కొట్టినా బాగుండేది కదరా."

నేను ఇంటికొచ్చేశాను.

నవంబరు 12

పగబట్టి చేశానని సందంతా అనుకుంటున్నారు.

అనుకోనీ. ఇది నిజంగా రాసుకోవాలి, ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి. పగబట్టినవాణ్ణి అనిపించుకోవడం నేను ఓర్చుకోగలను. పగవాడికైనా ముక్కుంటుంది. ఎలాదియోకి ముక్కు పోయిందట అనే మాట సందులో నడుస్తుంటే గేటు దాటి బయటకు వెళ్ళలేను.

నవంబరు 13

సందులో రాళ్ళ మధ్య ఇంకా ఎర్రగానే ఉంది. వాన పడితే బాగుండు. మామూలుగా ఆగదు, ఇప్పుడు పడదు.

నవంబరు 30

ఎవరూ రావడం లేదు. పని చేయబుద్ధి కావడం లేదు. తీగలు కత్తిరించే కాలం, కత్తెర తీసుకెళ్ళి ఒక వరస కత్తిరించి కూర్చుంటున్నాను.

డిసెంబరు 6

వాన.

డిసెంబరు 14

దొసిందా బీచినుంచి పాటు పూర్తవకముందే వచ్చేసింది. తట్ట సగమే నిండింది. నెల రోజులుగా గుల్లల దగ్గర ఆడవాళ్ళు తనతో మాట్లాడటం లేదట. తను ఒక పక్కన తవ్వుకుంటే వాళ్ళు ఇంకో పక్కకు జరుగుతున్నారట. ఇవాళ తన తట్ట తలకెత్తడానికి కూడా ఎవరూ రాలేదట. నాకు ఇవన్నీ ఈవేళే చెప్పింది. రబ్బరు బూట్లు విప్పుతూ నా వైపు చూడకుండా అంది.

"పాలు మాడిన రోజే నాకు తెలుసు."

రెండో బూటు లాగుతూ చెప్పుకుపోయింది.

"మన పీపా తోముతానని చెప్పి తలపెట్టి వాసన చూశా. బాగానే ఉంది. బాగానే ఉంది కదాని నోరు మూసుకున్నా. ఉబాల్దోది చూడ్డానికి నేనెవర్ని అనుకున్నా. నీ పరువు నిలబెడుతున్నాననుకున్నా కూడా." బూటు పక్కన పడేసింది. "ఆ నాలుగొందల లీటర్లు నువ్వొక్కడివే పొయ్యలేదు. కానీ చెప్పాల్సింది మాత్రం నువ్వే. నాకిక ఓపిక లేదు ఎలాదియో."

ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఓపిక లేదన్న మాట తన నోట వినడం ఇదే మొదలు. నేను వెళ్ళింది పళ్ళ డాక్టరు దగ్గరకు కాదని కూడా తనకు తెలుసు. చొక్కా జేబులో బస్సు టికెట్టు వెనక ముక్కు డాక్టరు పేరు నా చేత్తోనే రాసి ఉంది. ఉతికేది తనే కదా.

డిసెంబరు 15

ఉబాల్దో దగ్గరకు వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో మూడుసార్లు అనుకున్నాను. ఇల్లు ఎదురుగానే, అయినా మూడుసార్లు.

వాడు పెరట్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని పారతో పందుల పెంటకుప్ప తిరగేస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు. నేను కుప్ప పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. వాడు ఒక పార తీసి పక్కన వేశాడు, నా వైపు చూశాడు. ఇంకో పార వేశాడు, మళ్ళీ చూశాడు. నేను లేస్తానని ఎదురుచూస్తున్నాడని నాకు తట్టలేదు. ఏడాదిగా మగ్గిన కుప్ప. అది తిరగేసే రోజు సందులో అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను దాని పక్కన ఊపిరి పీలుస్తూ, మాటలు కూడగట్టుకుంటూ కూర్చున్నాను.

వాడు పార నేలకు గుచ్చి ముక్కు మీది గుడ్డ కిందకు లాగాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

అనుకున్న మాటలన్నీ పోయాయి. "ఆగస్టు," అన్నాను.

"మరి నా పీపా నింపమని ఎందుకన్నావ్?"

"వద్దంటే రాయి పగతో అన్నాననుకుంటావని."

"నింపమన్నావ్. అప్పుడూ అదే అనుకున్నాగా."

వాడు క్షమించానని అనలేదు. నేనూ ఆ మాట అడగలేకపోయాను. నెల రోజులుగా నన్ను తిట్టుకుంటూ నిద్రపోతున్నాడట, హాయిగా పట్టేదట, ఇప్పుడెవర్ని తిట్టుకోవాలి అన్నాడు. మా పీపాలో సగం నీకు తెచ్చిస్తానన్నాను. నీ వైన్‌కు నా కొమ్మ కట్టుకోనా అని కసిరాడు. అదీ నిజమే. కొమ్మ కట్టిన ఇంట్లో పరాయి వైన్ పోసినవాడు మా సందులో లేడు.

లేచేటప్పుడు, అందరికీ నువ్వు చెప్పు అన్నాను.

"నేనెందుకు చెప్తాను," అన్నాడు గుడ్డ మళ్ళీ ముక్కు మీదకు లాక్కుంటూ. "నీ ముక్కు, నువ్వే చెప్పుకో."

డిసెంబరు 24

చెప్పలేదు.

డిసెంబరు 31

చెప్పలేదు. దొసిందా అడగడం లేదు. ఉబాల్దో కూడా ఎవరికీ చెప్పలేదని నాకు అర్థమవుతోంది, ఎందుకంటే ఎవరూ జాలిగా చూడటం లేదు, ఇంకా కోపంగానే చూస్తున్నారు.

జనవరి 10

ఇవాళ లారెల్ కొమ్మ కోసి కడిగి బల్ల మీద పెట్టాను. రేపు కట్టాలి. మా ఇంట్లో నాన్న రోజులనుంచీ ఒక పద్ధతి. కొమ్మ కట్టే రోజు సందు వాళ్ళందరి ముందూ మొదటి గిన్నె ఇంటివాడు వాసన చూసి, వచ్చింది అనాలి. అంటే వైన్ వచ్చిందని. ఆ మాట అన్నాకే కొమ్మ గేటెక్కుతుంది.

దొసిందా అందరినీ పిలిచొచ్చింది. ఎలాగూ ఎవరూ రారులే అన్నాను. వస్తారంది.

జనవరి 11

వచ్చారు. ఏడిళ్ళ వాళ్ళూ వచ్చారు. ఏం చేస్తానో చూద్దామని వచ్చినట్టున్నారు, బల్లల దగ్గర కూర్చోకుండా గోడ వెంట నిలబడ్డారు. ఉబాల్దో అందరికంటే వెనక, తలుపు పక్కన.

పీపా తెరిచి గిన్నె నింపాను. అంచు దాటి ఒలికింది, తెల్ల పింగాణీ మీద ఊదా చార. ముక్కు దగ్గరకు తెచ్చాను. ఏమీ లేదు. ఏదైనా ఉంటుందేమోనని చివరిదాకా ఆశపడ్డాను, అదీ రాసుకోవాలి.

గిన్నె దించి చెప్పాను. "నాకు వాసన తెలీదు. ఆగస్టు జ్వరంలో పోయింది. సెప్టెంబరులో మీ అందరి పీపాల్లోనూ ఊరికే తలపెట్టాను. ఉబాల్దో పీపా కూడా అంతే. పగ కాదు. చెప్పడానికి సిగ్గేసింది."

అంతే చెప్పగలిగాను. బాల్బీనమ్మ శిలువ గుర్తు వేసుకుంది. ఎవరో దగ్గారు. నా చేతిలో గిన్నె అలాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక్కరూ కదలడం లేదు. ఇక ఈ ఇంటికి కొమ్మ లేదనుకున్నాను.

ఉబాల్దో వెనకనుంచి వచ్చాడు. నా చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. వాడికి ఈ విద్య ఎప్పుడూ రాదు, జీవితమంతా ఏది పోస్తే అది తాగినవాడు. ముక్కు గిన్నెలో దాదాపు ముంచేసి కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"పుల్ల చెర్రీలు," అన్నాడు. ఆగాడు. మళ్ళీ వాసన చూశాడు. మాట కోసం నుదురు ముడిచాడు. "తర్వాత... మీ నాన్న కోటురా. ఆ ఉన్ని కోటు. వానలో తడిసొచ్చి పొయ్యి పక్కన ఆరేసేవాడు చూడు, మనం కింద కూర్చుని చెస్ట్‌నట్లు తినేవాళ్ళం. అదే వాసన."

అక్టోబరులో గంటసేపు కూర్చుని వెతికింది అదే. తడిసిన ఉన్ని, పొగ, కింద నేను, పక్కన వీడు. ముక్కుకు ఏమీ అందలేదు, అయినా నాకు తెలిసింది. అందరి ముందూ ఏడ్చాను. పరువు సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

వాడు గిన్నె ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చింది," అన్నాడు.

దొసిందా కొమ్మ తీసుకెళ్ళి గేటుకు కట్టింది.

జనవరి 12

ముక్కు అలాగే ఉంది. చాలా అలసటగా ఉంది, కానీ పొద్దున నాలుగు వరసల కయీన్యో తీగలూ కత్తిరించాను. ఇరియా వస్తే వచ్చే ఏడు చూద్దామనే చెప్పాలి.

సెప్టెంబరు పీపాలకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఈసారి తలపెట్టేది దొసిందా. బాల్బీనమ్మే అడిగింది. సరేనంటూ దొసిందా ఒక షరతు పెట్టింది, మొదట చూసేది ఉబాల్దోదేనని. వాడు కొత్త పీపా కోసం చెస్ట్‌నట్ పలకలు నీళ్ళలో వేశాడట.